బండికి నేర్పిన వైరాగ్యం

ఆశ్రమంలో పాత కారు నడిపే గవరయ్యకు పెట్రోలు వృథా కావడం పాపంలా తోచేది. కొండకింది ఊళ్ల నుంచి డయాలసిస్ రోగులను రోజూ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లి, మళ్లీ ఇళ్ల దగ్గర దించడం అతని సేవ.

ఒకనాడు అతనికో ఆలోచన తట్టింది. బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీని నింపేది ఆల్టర్నేటర్. దాన్ని తిప్పడానికీ ఇంజను కష్టపడాలి, పెట్రోలు కాలాలి. అందుకని దాని బెల్టు ఊడదీసేశాడు. బ్యాటరీని ఆశ్రమంలోనే కరెంటుకు పెట్టి నింపుకునేవాడు. దారిలో అది అయిపోకూడదు కదా, ఫ్యాను వేసేవాడు కాదు, హారను కొట్టేవాడు కాదు. మేకలు అడ్డొస్తే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేవాడు.

"రేపు కూరలో ఉప్పు కూడా వద్దంటావేమో," అని వంటమ్మ దెప్పింది. గవరయ్య పట్టించుకోలేదు. పెట్రోలు నిజంగానే తగ్గింది మరి.

"బండికి కూడా వైరాగ్యం నేర్పాను స్వామీ," అన్నాడు గురువు విమలబోధ స్వామితో. "మీరు ఊఁ అంటే మన ఆశ్రమం జీపుకీ ఇలాగే చేస్తాను."

స్వామి ఊఁ అనలేదు, వద్దనీ అనలేదు. "రేపు నేనూ వస్తాను," అన్నారు.

మర్నాడు మధ్యాహ్నం, తిరుగు ప్రయాణం. వెనకసీట్లో పైడమ్మ అనే ముసలామె, ఆమె పక్కన స్వామి. డయాలసిస్ అయిన రోజు ఆమెకు కూర్చునే సత్తువ కూడా ఉండదు. పట్నం దాటగానే వాన పట్టుకుంది. అద్దాలు ఎత్తేశారు. లోపలంతా ఉక్క. పైడమ్మ తల వెనక్కి వాల్చేసి నోటితో గాలి పీలుస్తోంది.

"బాబూ, ఆ ఫ్యానుంది కదేటి. కాసింత ఎయ్యవా," అంది.

"వాన కదమ్మా, వైపరుకే బ్యాటరీ చాలీచాలకుండా ఉంది. ఓర్చుకో."

"నానోర్చుకుంటాలే. నీ బండికే ఓపిక లేనట్టుంది," అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

స్వామి భుజం మీది కండువా తీశారు. మడతపెట్టి, ఆమె ముఖానికి విసరడం మొదలుపెట్టారు.

గవరయ్య తన ముందున్న చిన్న అద్దంలో వెనకసీటు వైపు చూశాడు.

బండి వాగు వంతెన దాటింది. తాటితోపు దాటింది. కండువా ఆగలేదు. ఒక చెయ్యి అలిసిపోతే రెండో చేతికి మార్చుకుంటున్నారు. చెమట ఆయన గడ్డంలోకి జారుతోంది. పైడమ్మ ఊపిరి మాత్రం కాస్త నెమ్మదించింది.

"చాలు స్వామీ," అన్నాడు గవరయ్య. "మీ చేతులు పడిపోతాయి."

"నీ బండి ఆదా చేస్తోంది కదా నాయనా," అన్నారు స్వామి, విసురుతూనే. "ఎవరో ఒకరు ఖర్చు కావాలి."

గవరయ్య చెయ్యి ఫ్యాను మీట దగ్గరికి వెళ్లింది. ఫ్యాను తిరిగింది. స్టీరింగు వెనక మీటర్ల దగ్గరున్న చిన్న దీపాలు ఒక్కసారిగా మసకబారాయి.

అతను ఫ్యాను ఆపలేదు.