మొగిలి ఘాటు ఎక్కని గేర్లు

చిత్తూరులో బెంగళూరు రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న దొరస్వామి పాత కార్లు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడే కానీ, బండి తెచ్చినవాళ్లను నోరు తెరవనిచ్చేవాడు కాదు. "మీరేం చెప్పొద్దు. బండే నాకు చెప్తుంది" అనేవాడు. బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని, ఇంజను చప్పుడు వినేవాడు. ఉన్నమాట చెప్పాలంటే, పదిసార్లలో తొమ్మిదిసార్లు అతనికి సరిగ్గానే వినబడేది. తలకు పొగరెక్కడానికి ఆ తొమ్మిది చాలు.

ఒకరోజు హరికథలు చెప్పే కనకరత్నమ్మ తన కారు తెచ్చింది. అరవైల నాటి ఆకుపచ్చ కారు, ఆమె గురువు ఇచ్చిపోయింది. పలమనేరు అవతల ఒక పల్లెలో, ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజుల భారతం మొదలు కాబోతోంది. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఆమె హరికథ. పొద్దున చిత్తూరులో సంగీతం పాఠాలు చెప్పుకునే మనిషి కాబట్టి రోజూ పోయి రావాలి.

"యాభై దాటితే చాలు, ఇంజను గోల పెడతా ఉండాది నాయనా. దాని మీద అరిచి అరిచి మాట్లాడి, కథ మొదలుపెట్టకముందే నా గొంతు బొంగురుపోతా ఉండాది. ఇంకో మాట..." అంది ఆమె.

"చాలమ్మా. మిగిలింది బండి చెప్తుంది" అన్నాడు దొరస్వామి.

బండి చెప్పింది. పాత గేరుబాక్సు నిదానపు రోడ్ల కాలం నాటిది. ఇంజను ఎన్నో చుట్లు తిరిగితే కానీ చక్రం ఒక చుట్టు తిరగదు. హైవే మీద గోల పెట్టక ఏం చేస్తుంది? దొరస్వామి దాన్ని దించి, పరుగుకు పేరుపడ్డ మరో గేరుబాక్సు బిగించాడు. అందులో అన్ని గేర్లూ పొడవే, అంటే ఇంజను కొద్ది చుట్లు తిరిగితేనే చక్రం ఒక చుట్టు తిరిగేస్తుంది. తెల్లారేసరికి ఒక్కడే ఎక్కి బైపాసు మీద తోలాడు. తొంభై దాటినా ఇంజను నిద్రపోతున్న పిల్లాడిలా ఊపిరి పీల్చింది. అతను ఆనందం పట్టలేకపోయాడు.

"మొదటిరోజు నేనే తోల్తానమ్మా. మీరే చూద్దురు గానీ" అన్నాడు.

భారతం మొదలైన రోజు పన్నెండున్నరకు బయల్దేరారు. ముందు సీట్లో కనకరత్నమ్మ, వెనక హార్మోనియం, ఫిడేలు వాయించేవాళ్లతో పాటు మద్దెల మునెయ్య. మునెయ్య మనిషే ఒక బస్తా. డిక్కీలో హార్మోనియం పెట్టె, మైకు సెట్టు, రెండు లౌడు స్పీకర్లు. అవన్నీ ఎక్కుతుంటే బండి వెనకభాగం కిందికి కుంగింది. దొరస్వామి అది చూశాడు. చూసి కూడా పట్టించుకోలేదు.

బంగారుపాళెం దాకా బండి గాలిలో పోయినట్టు పోయింది. కనకరత్నమ్మ మామూలు గొంతుతో మాట్లాడుతూ మురిసిపోయింది. తరవాత కొండ ఎక్కే దారి, మొగిలి ఘాటు వచ్చింది. నాలుగో గేరులో బండి నీరసించింది. మూడో గేరు వేశాడు, వణికింది. రెండోది వేశాడు, దగ్గింది. మొదటి గేరులో నాలుగు గజాలు పాకి, క్లచ్చు కమురు కంపు కొట్టి, సగం ఎత్తులో ఆగిపోయింది. వెనక లారీలు హారన్లు మోగించాయి.

"దిగుదాం పాండి" అంది కనకరత్నమ్మ.

సామాను దించారు. అందరూ దిగాక, ఒక్క దొరస్వామితో బండి చక్కగా ఎక్కింది. తను బైపాసు మీద ఎలా తోలి మురిశాడో అలాగే, ఒంటరిగా. అద్దంలో చూస్తే, అరవై ఏళ్లు రాబోతున్న ఆవిడ మండే ఎండలో కొంగు నెత్తిన కప్పుకుని ఎత్తు ఎక్కుతోంది. ఆమె వెనక మునెయ్య స్పీకరు భుజాన మోస్తున్నాడు. దొరస్వామికి సిగ్గుతో ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పైన మళ్లీ అందరూ ఎక్కి, పల్లె చేరేసరికి మూడున్నర. జనం సగం లేచిపోయారు. ఆయాసంతో ఆమె పద్యం రెండుచోట్ల తెగింది. కథ అయ్యాక ఊరి పెద్ద మర్యాదగానే చెప్పాడు: "రేపు గూడా ఇట్లయితే మేం వేరేవాళ్లను పిలిపించుకోవాల్సి వస్తాది తల్లీ. భారతం ఆగగూడదు గదా."

తిరుగుదారిలో మునెయ్య గొణిగాడు. "ఆ పాత గేర్లే మళ్లీ బిగించెయ్ అన్నా. గోల అయినా పడతాం, నడవలేం."

"బిగించను" అన్నాడు దొరస్వామి. "అమ్మ గొంతు పోగూడదు, ఘాటూ ఎక్కాల. రెండూ జరిగి తీరాల." ఘాటు దిగాక ఆమె వైపు తిరిగి అడిగాడు. "అమ్మా, ఆరోజు ఇంకో మాట అన్నారే. ఏందది?"

"మేం నలుగురం, సామాను డిక్కీ నిండా ఉంటాది, దావలో ఘాటుండాది అని. నువ్వు అడిగితే గదా నాయనా చెప్పేది."

ఇంటికి చేరేదాకా దొరస్వామి అడుగుతూనే ఉన్నాడు. ఎవరి బరువెంత, రోడ్డు ఎక్కడెక్కడ లేస్తుంది, ఎంత వేగానికి మాటలు వినబడకుండా పోతాయి. మామూలుగా ఈ బండి తోలేది మునెయ్యే కాబట్టి, వీటన్నిటికీ అతను తడుముకోకుండా జవాబు చెప్పాడు.

మర్నాడు అయిదింటికే షెడ్డు తెరిచాడు. ఉన్న గేరుబాక్సులన్నీ వరసగా పెట్టి, సుద్దముక్కతో గుర్తులు పెట్టి, చేత్తో తిప్పుతూ లెక్కపెట్టాడు. ఈ కొసన ఎన్ని చుట్లు తిప్పితే ఆ కొస ఒక్క చుట్టు తిరుగుతుంది? చుట్లు ఎక్కువైతే లాగే బలం, తక్కువైతే పరుగు. చివరికి అయిదు గేర్లదొకటి తేల్చుకున్నాడు. దాని రెండో గేరు, మూడో గేరు బరువు లాగేవి. అయిదోది చదును రోడ్డుకు, కానీ నిన్నటంత పొడవు కాదు. నిన్నటిది దించి, క్లచ్చు ప్లేటు మార్చి, దీన్ని బిగించేసరికి తొమ్మిదిన్నర అయింది.

ఈసారి ఒక్కడే తోలలేదు. ఆ నలుగురికీ సామానుకూ సరిపడా ఇసుక బస్తాలు ఎక్కించి మొగిలి ఘాటుకే పోయాడు. మొదటిసారి మూడో గేరు ఆలస్యంగా వేసి బండిని నీరసపెట్టాడు. తిరిగి కిందికి వచ్చి మళ్లీ ఎక్కాడు. ఈసారి ఎక్కడా ఆగలేదు. పై దాకా పోయి, పన్నెండు కొట్టేలోపు చిత్తూరులో ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం చదును రోడ్డు మీద బండి డెబ్బై అయిదు దగ్గర ఇంజను గోల లేకుండా సాగింది. ఇంకాస్త తొక్కాలని దొరస్వామి కాలు లాగింది కానీ తొక్కలేదు. ఘాటు మూడో గేరులో మొదలుపెట్టి, నిటారుగా ఉన్నచోట రెండో గేరుకు దించాడు. అందరూ బండిలోనే ఉన్నారు. పైకి చేరాక మునెయ్య గట్టిగా ఊపిరి వదిలాడు.

రెండింటికి ఇంకా పది నిమిషాలుండగా గుడి ముందు ఆగారు. జనం అప్పటికే నిండి ఉన్నారు. కనకరత్నమ్మ దిగి చీర సర్దుకుంటూ అడిగింది.

"నిన్నటంత వేగం లేదేంది నాయనా ఈరోజు?"

"లేదమ్మా. నిన్నటిది నేనొక్కడే పోయేదానికి బిగించుకున్నా. ఇది మీరందరూ పోయేదానికి బిగించినా."

కాసేపటికి మైకులోంచి ఆమె గొంతు ఎక్కడా బొంగురు లేకుండా వినిపించింది. దొరస్వామి బానెట్‌కు ఆనుకుని కథ చివరిదాకా విన్నాడు.

నీతి: చేతిలో ఎంత పనితనం ఉన్నా, ఎవరి కోసం పని చేస్తున్నామో వాళ్ల అవసరం అడిగి తెలుసుకున్నాకే పనిలో చెయ్యి పెట్టాలి.