మోదుగాకు విస్తరి

శిష్యులు ఏదైనా అడిగితే చెప్పులు వేసుకోవడం సోమలింగాచారి గారి అలవాటు. జవాబు నోటితో చెప్పరు, ఎక్కడికో నడిపిస్తారు. ఆ ఎండల్లో ఆయన వెంట తిరగలేక చాలామంది ప్రశ్నలే మానుకున్నారు.

హైమవతి మాత్రం మానలేదు. ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు టీచరుగా చేసి, రిటైరయ్యాక ఆయన దగ్గర బొమ్మలు నేర్చుకోవడానికి చేరిన మనిషి. నల్లమల అంచున పూసే మోదుగ చెట్టును నీటిరంగుల్లో వేయాలని ఆరేళ్లుగా పట్టు పట్టింది. కొమ్మ కుదిరింది, ఎరుపు కుదిరింది, వెలుగు మాత్రం రాలేదు. ఈసారీ రాకపోతే కుంచెలు ఎవరికైనా ఇచ్చేస్తానని ఇంట్లో చెప్పేసింది కూడా. ఆ ఉదయం పూర్తి చేసిన బొమ్మను గురువుగారి ముందు పెట్టింది.

"ఇందులోకి ఎండ ఎందుకు రాలేదు గురువుగారూ?" అని అడిగింది.

ఆచారిగారు బొమ్మ చూశారు, చెప్పులు వేసుకున్నారు.

దారిలో మోదుగలు విరగబూసి ఉన్నాయి. పూల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు ఎండ రాలుతోంది. అందులో కాస్త హైమవతి చీర మీదా పడింది. ఇంత దగ్గరికి వచ్చేది కాగితం మీదికి ఎందుకు రాదని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అడవి మొదట్లో గురవమ్మ ఇల్లు. ఎండబెట్టి దాచుకున్న మోదుగాకులతో విస్తళ్లు కుడుతోంది. కుట్టిన ప్రతిదాన్నీ సూర్యుడికి ఎదురుగా ఎత్తి చూస్తుంది. ఎక్కడైనా వెలుగు చుక్క కనబడితే అక్కడో ఆకుముక్క పెట్టి ఈనెతో కుట్టేస్తుంది. గురువుగారు అరుగు మీద కూర్చుని మజ్జిగ అడిగి తాగుతున్నారు. హైమవతి ఉండబట్టలేక, ఆ కాస్త చిల్లు కూడా మూయాలా అని గురవమ్మను అడిగింది.

"ఎలుతురు దూరిందంటే పులుసు కారినట్టేనమ్మా."

ఆ మాట హైమవతికి తెగ నచ్చేసింది. తానూ అంతేనని, తెల్లకాగితం ఏమాత్రం కనబడినా పిల్లల్ని మళ్లీ కూర్చోబెట్టి రంగు పూయించేదాన్నని మురిసిపోతూ చెప్పింది. ఇప్పటికీ తన బొమ్మలో గోరంత ఖాళీ వదలనని కూడా అంది.

ఆచారిగారికి నవ్వొచ్చింది. ఈ శిష్యురాలంటే ఆయనకు ఎంత ఇష్టమో ఆ నవ్వు చూస్తే తెలుస్తుంది. గ్లాసు పక్కన పెట్టి లేచారు.

"ఆమె విస్తట్లో పులుసు పోస్తారమ్మా. నీ బొమ్మలో ఏం పోద్దామని?"