దుంపల పుస్తకానికి అడ్డదారిలో వచ్చిన నంబరు

అనగనగా ఏడు గుట్టల నడుమ ఒక అడవి ఉండేదర్రా పిల్లలూ. ఆ అడవిలో కంటకయ్య అని ఒక ముళ్లపంది ఉండేవాడు.

దుంపల సంగతి అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఏది పచ్చిగా తినొచ్చు, ఏది నానబెట్టాలి, ఏది ముట్టుకోకూడదు, అన్నీ ఓపికగా ఒక పుస్తకంగా రాశాడు. దాన్ని వేస్తామని ఎవరూ ముందుకు రాలేదు. సరే, నా పుస్తకం నేనే వేసుకుంటానన్నాడు. గిజిగాడి చేత ఆకులు కుట్టించి నూరు ప్రతులు సిద్ధం చేశాడు. అంతవరకు మెచ్చుకోవలసిందే. ఆ తర్వాతే మన రచయితగారికి కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ అడవిలో ఒకే పేరుతో పదేసి పుస్తకాలు ఉండేవి. అందుకని ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఒక నంబరు ఒక్క పుస్తకానికే. ఏ గుట్ట మీద వాళ్లయినా ఆ నంబరు చెబితే చాలు, చిలుకలు ఆ పుస్తకాన్నే తెచ్చి ఇచ్చేవి.

నంబర్లు ఇచ్చేది నిదానమ్మ అనే తాబేలు. కంటకయ్య మొదటి రోజు వెళ్లేసరికి ఆమె ముందు కుందేలు, ఉడుము, పావురం వరుసలో ఉన్నాయి.

"వీళ్ల వెనక నేను నిలబడాలా?" అని ముళ్లు నిక్కబొడుచుకుని వచ్చేశాడు.

రెండో రోజు వరుస లేదు. నిదానమ్మ ఒక దరఖాస్తు చేతికిచ్చింది.

"పుస్తకం పేరు, రాసినవారి పేరు, వేసినవారి పేరు, ఎన్ని పేజీలు, అన్నీ నింపండి అయ్యా. పది రోజుల్లో నంబరు ఇస్తాను. ఏమీ ఇచ్చుకోనక్కర్లేదు."

"పది రోజులా? రాయడానికి నాకే ఏడాది పట్టింది, ఒక అంకె వేయడానికి నీకు పది రోజులా?" అని విసుక్కుంటూ దరఖాస్తు ఇంటికి తీసుకుపోయాడు.

మూడో రోజు తెచ్చి ఇచ్చాడు. నిదానమ్మ మెల్లగా చదివింది.

"వేసినవారి పేరు రాయలేదేం?"

"రాసిందీ నేనే, వేసిందీ నేనే. నా పేరు ఒకసారి రాశానుగా, చాలదా?"

"చాలదయ్యా. ఆ గడిలో కూడా రాయాలి."

ఒక్క పేరు. ఒక్క నిమిషం పని. కానీ కంటకయ్య దరఖాస్తును పరపరా చింపి పారేశాడు. తాబేలు తనకు పాఠం చెప్పడమేమిటని అతని బాధ.

ఇదంతా చూస్తున్న నక్క తోకరాయుడు దారిలో ఎదురొచ్చాడు.

"మీవంటి పెద్దలకు దరఖాస్తులేమిటి గురువుగారూ! బుట్టెడు దుంపలు ఇప్పించండి. ఇప్పుడే, ఇక్కడే నంబరు ఇస్తాను."

గురువుగారూ అనిపించుకోగానే కంటకయ్య ముళ్లన్నీ చల్లబడ్డాయి. నంబరు ఎక్కడిదని అడగలేదు. ఊరికే వచ్చేదాన్ని కాదని, బుట్టెడు దుంపలిచ్చి కొనుక్కున్నాడు. దాన్ని నూరు ప్రతుల మీదా వేయించాడు. "నిదానమ్మను ఒక్కమాట అడుగుదాం" అని గిజిగాడు అంటే, "నువ్వు కుట్టు చూసుకో" అని కసిరాడు.

వానలు తగ్గి అడవిలో తిండి కరువైంది. దుంపలు తప్ప గతి లేదు. అవతలి గుట్ట మీద కోరమ్మ అనే అడవిపందికి ముగ్గురు పిల్లలు. కంటకయ్య పుస్తకం సంగతి విని, నంబరు కనుక్కుని చిలుకను పంపింది. చిలుక పుస్తకం తెచ్చింది. తెరిస్తే అందులో దుంప అన్న మాటే లేదు. అది తోకరాయుడు తన తోకను తానే పొగుడుకుంటూ రాసుకున్న పుస్తకం. తన పాత నంబరునే కంటకయ్యకు అంటగట్టాడు ఆ ఘనుడు.

ఆకలికి ఆగలేక కోరమ్మ పిల్లలు ఎర్రతీగ దుంపలు పచ్చివి తినేశారు. మూడు రోజులు వాగు నీళ్లలో నానబెట్టకపోతే అవి విషం. ఆ మాట కంటకయ్య పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. ఇద్దరు పిల్లలు ఎలాగో బతికారు. చిన్నది బతకలేదు.

కోరమ్మ ఆ పుస్తకాన్ని తెచ్చి కంటకయ్య ముందు పడేసింది.

"నీ నంబరే చెప్పాను కంటకయ్యా. వచ్చింది ఇది. నీ పుస్తకం ఏది?"

కంటకయ్య నక్క బొరియకు పరుగెత్తాడు.

"నంబరు ఇస్తానన్నాను, ఇచ్చాను. కొత్తదని చెప్పానా?" అన్నాడు తోకరాయుడు దుంప నములుతూ.

కంటకయ్య తాబేలు దగ్గరకు వెళ్లి వరుసలో నిలబడ్డాడు. అన్ని గడులూ నింపాడు.

"పది రోజులు అయ్యా" అంది నిదానమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

"పది రోజుల్లో ఇంకెంతమంది తింటారో!" అన్నాడు కంటకయ్య.

"తింటారు" అంది నిదానమ్మ.

అతను ఇంటికి పోలేదు. ఆ సాయంత్రమే మొదటి గుట్ట ఎక్కాడు. ప్రతి బొరియ ముందూ, ప్రతి పొద ముందూ నిలబడి, "ఎర్రతీగ దుంప పచ్చిది తినకండమ్మా, మూడు రోజులు నానబెట్టండి" అని చెప్పుకుంటూ తిరిగాడు. కొందరు విన్నారు. కొందరు తలుపు మూసుకున్నారు. కోరమ్మ ఇంటి ముందు మాత్రం తల వంచుకుని నిలబడి, పక్క గుట్టకు నడిచాడు.

నీతి: చేయవలసిన చిన్న పనిని చిన్నతనంగా తలచేవాడి గర్వానికి మూల్యం చెల్లించేది వాడొక్కడే కాదు.