ఎవరింటి అంకె

అడిగినదానికి నేరుగా జవాబు చెప్పడం మార్కండేయులు మాస్టారికి అలవాటు లేదు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యురాలు పైడితల్లి ఆ ఉదయం వానలో తడుస్తూ వచ్చి అడిగింది: "మాస్టారూ, తప్పు నాదా, ఆ పేజీదా?"

ఏటి నీటిమట్టం చూపే వెబ్‌పేజీ ఒకటుంది. దాని వెనకుండే కోడ్‌లోంచి అంకెను ఏరి, ఒడ్డు పల్లెల ఫోన్లకు పంపేలా పైడితల్లి ప్రోగ్రాం రాసింది. అంకెను పట్టేది చిన్న రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్, అంటే రాతలో ఫలానా ఆకారాన్ని వెతికే సూత్రం. మొదట కనిపించిన అంకే నీటిమట్టం అనుకుంటుంది. వానలు మొదలైనప్పటి నుంచీ ఒక్కసారీ తప్పలేదు. ఆవేళ ఎవరో పేజీలో అక్షరాలను పెద్దవి చేశారు. అక్షరాల సైజు పద్దెనిమిది అని కోడ్‌లో నీటిమట్టం కంటే ముందుకొచ్చి కూర్చుంది. ఏరు ఆరడుగులే ఉంది. ఫోన్లు మాత్రం పద్దెనిమిది అడుగులన్నాయి. మేకలతో, ముసలివాళ్లతో ఓ పల్లె పల్లెంతా వానలో బడికి చేరింది.

"అంకెను పట్టమన్నాను, అంకెనే పట్టింది. మరి తప్పెక్కడుంది?" పైడితల్లికి నిజంగానే అంతుచిక్కలేదు.

"పద, బడికి," అన్నారు మాస్టారు.

వరండా నిండా జనం. కబురు తప్పు అని చెప్పడానికి పైడితల్లి జనం మధ్యకు నడిచింది. ఇంతలో తప్పిపోయిన పసిపిల్ల ఒకతె ఏడుస్తూ ఆమె చున్నీ పట్టుకుంది. అమ్మ పేరడిగితే "నూకాలమ్మ" అంది.

పైడితల్లి పిల్లను ఎత్తుకుని "నూకాలమ్మా!" అని కేకేసింది. దగ్గర్లో ఒకామె పలికింది. పైడితల్లి పిల్లను ఆమె చేతుల్లో పెట్టేసింది. పిల్ల గుక్కపట్టింది.

"నా పిల్ల కాదు తల్లీ! నా పిల్లలు ఇదుగో," అందామె బిత్తరపోయి. అటు మరో ముగ్గురు లేచి నిలబడ్డారు. వాళ్లూ నూకాలమ్మలే. పిల్ల ఎవరి దగ్గరికీ పోలేదు. వాళ్లలో ఒకామె విసుక్కుంది: "ఉత్త నూకాలమ్మంటే ఎలాగమ్మా? ఎవులింటి నూకాలమ్మో చెప్పాల గదా!"

తాత పేరు అప్పన్న అని పిల్ల చెప్పింది. అప్పన్న కోడలు వెనక గదిలో పిల్లకోసం వెతుకుతోంది. మొదటి కేక ఆమెకు వినిపించనేలేదు. "అప్పన్న కోడలు నూకాలమ్మా!" అని పైడితల్లి మళ్లీ కేకేస్తే పరుగున వచ్చి బిడ్డను గుండెకు హత్తుకుంది.

అప్పుడు పైడితల్లి కబురు తప్పు అని అందరికీ చెప్పింది. కొందరు ఊపిరి పీల్చుకున్నారు, కొందరు తిట్టారు. మేకలను తోలుకుంటూ వెళ్లిపోయారు.

తిరుగుదారిలో ఆమె అంది: "నా ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు మాస్టారూ."

"పిలిస్తే పలికిన నలుగురూ నూకాలమ్మలే," అన్నారాయన. "వాళ్లలో అబద్ధం ఎవరాడారు?"