కూజాలు రాని మొక్క

ఎవరేం అడిగినా జవాబు చెప్పకుండా ఓ పని అప్పజెప్పడం గౌరీపతి మాస్టారి అలవాటు. సాయంత్రాలు ఆయన దగ్గర గీత చదువుకునే శిష్యులందరికీ ఈ సంగతి తెలుసు. అయినా ఆషాఢంలో ఒకనాడు టైలరు సూరప్పడు అడక్కుండా ఉండలేకపోయాడు. అతని కూతురు హరిణికి తల్లి లేదు, ఒక కాలు కాస్త ఈడుస్తుంది. గుమ్మం దాటితే సైకిలు మీద తనే దిగబెట్టి, తనే తెచ్చుకునేవాడు. ఇప్పుడు ఆ పిల్లకి భీమిలిలో టీచరు ట్రైనింగు సీటొచ్చింది. దసరాలోగా హాస్టల్లో చేరాలి.

“పంపమంటారా మాస్టారూ?”

మాస్టారు డాబా మీద వేలాడే రెండు కుండీల్లో ఒకటి దించి ఇచ్చారు. పురుగుల్ని పట్టుకు తినే కూజా మొక్క అది. ఆకుల కొసల్లో మూతలతో సహా ఎర్రటి బుల్లి కూజాలున్నాయి, పురుగులు పడేది వాటిలోనే. వాననీళ్ళు పోసి ఎండ తగిలే చోట పెట్టు, అంతే అన్నారు.

ఆ ‘అంతే’ సూరప్పడి మనసుకు పట్టలేదు. కుండీలో మట్టయినా లేదు, నాచూ కొబ్బరి పీచూ. ఇదేం తిని బతుకుతుందని ఉసూరుమన్నాడు. రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోశాడు. ఎరువుకని చిటికెడు తెలకపిండి వేశాడు. కందిపోతుందని నీడకు జరిపాడు. మొక్క ఏపుగా పెరిగి అరచేయంత ఆకులు వేస్తుంటే మురిసిపోయాడు. భాద్రపదం వెళ్ళేసరికి పాత కూజాలు ఎండిపోయాయి. కొత్త ఆకులకు ఒక్కటీ రాలేదు.

మిట్టమధ్యాహ్నం కుండీ మోసుకుని డాబా ఎక్కాడు. అక్కడ ఎండలో రెండో మొక్క నిండా ఎర్రటి కూజాలే. సూరప్పడికి ఏడుపొచ్చింది.

“కడుపు నిండా పెట్టాను మాస్టారూ. దీనికేటి తక్కువ చేశాను?”

“కడుపు నిండాక కూజాతో దానికేం పని?” అంటూ మాస్టారు కుండీ అందుకుని, వాననీళ్ళతో నెమ్మదిగా పీచు కడగసాగారు.

అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. హరిణి. బజారు దాటి, ఇంత దూరం, ఒక్కతే నడిచొచ్చింది. హాస్టలు కాగితం ముందుకు చాపి, రేపే ఆఖరు రోజు, సంతకం పెట్టు నాన్నా అంది. ఆయాసపడుతోంది గాని కళ్ళల్లో నవ్వు.

సూరప్పడు గాభరాగా లేచి, భుజం మీది తువ్వాలు తీసి కూతురి మొహం తుడవబోయాడు.

“ఎండకి మొహమంతా కందిపోనాది తల్లీ.”

మాస్టారు తలెత్తి, ఎండలో ఎర్రబడ్డ కూజాల పక్కన నిలబడ్డ ఆ పిల్లను తేరిపార చూశారు.

“కందడం కాదు సూరప్పడూ, రంగు” అన్నారు.