మంత్రిగారి నాలుగో స్నానం

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మీరున్నచోట కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. అందుకని ముందు ఒక బావిని ఊహించుకోండి. కలువకొండ కోట మొత్తానికీ అదొక్కటే బావి. నీళ్ళు తోడేది నూకాలు.

ఒక ఎండాకాలం రాజు రణధీరుడికి నీటి పొదుపు మీదికి మనసు పోయింది. ఉపాయం చెప్పమన్నాడు. మంత్రి గుణనిధి మీసం దువ్వుకున్నాడు.

"స్నానాల నీళ్ళు మురుగులో కలిసిపోతున్నాయి, ప్రభూ. వాటిని అరటిచెట్లకు మళ్ళిస్తే చుక్క కూడా వృథా కాదు."

మంచి మాటే. రాజు మురిసిపోయాడు. ఎవరి అరటితోట అందరికంటే పచ్చగా ఉంటే వారికి బంగారు కడియం ఇస్తానన్నాడు.

అంతే! రోజుకోసారి స్నానం చేసేవాళ్ళు మూడుసార్లు మొదలుపెట్టారు. అడిగితే, "ఎలాగూ చెట్లకే కదా!" అనేవారు. మంత్రయితే నాలుగుసార్లు. నూకాలు అరచేతులు బొబ్బలెక్కాయి. నీళ్ళు అందక చేదకు ఇంకో తాడు ముడేసింది.

ఒకరోజు వంటశాలకు నీళ్ళు చాలలేదు. రాజుగారి పప్పు ఉడకలేదు.

"ఇది నూకాలు పనే, ప్రభూ. దొంగచాటుగా ఎవరికో పోస్తోంది," అన్నాడు మంత్రి.

ఆకలిమీదున్న రాజు నూకాలును పిలిపించి కళ్ళెర్రజేశాడు. "నీళ్ళెక్కడికి పోతున్నాయో రేపటిలోగా చూపించు. లేకపోతే కోట విడిచిపో!"

ఇద్దరు మనవరాళ్ళను వెంటేసుకుని ఎక్కడికి పోతుంది?

మర్నాడు నూకాలు మంత్రి అడిగినన్ని బిందెలూ కిక్కురుమనకుండా తోడిపోసింది. నాలుగో స్నానం వేళకు రాజును పిలుచుకొచ్చి స్నానాలగది బయట కూర్చోబెట్టింది.

లోపల మంత్రికి తలనిండా కుంకుడు నురుగు.

"ఏమే, నీళ్ళు!"

చేద బురదతో పైకొచ్చింది.

"నిండుకున్నాయి, అయ్యగారూ."

"కళ్ళు మండిపోతున్నాయే! బావెడు నీళ్ళు ఏం చేశావు?"

"చుక్క కూడా వృథా కాలేదండీ. మీ అరటిచెట్లలో భద్రంగా ఉన్నాయి. వెళ్ళి పిండుకోండి!"

మంత్రి తువ్వాలు చుట్టుకుని, కళ్ళు మూసుకునే బయటికొచ్చి, తడుముకుంటూ పోయి రాజుగారి కాలు వాటేసుకున్నాడు.

"ఇదేనా చెట్టు?"

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. కోటంతా నవ్వింది.

"నురుగు ఎండేదాకా అక్కడే కూర్చోవయ్యా," అని, బంగారు కడియం తీసి బొబ్బలెక్కిన నూకాలు చేతికి తొడిగాడు.

ఈ కథ మీ స్నేహితులకూ చెప్పండి పిల్లలూ. పళ్ళు తోముకుంటూ చెప్పేటట్లయితే, ముందు కుళాయి కట్టేసి చెప్పండి.