జోలపాటకు వేసిన తాళం

కనకాంగి గారికి ప్రశ్న అడిగితే జవాబు చెప్పే అలవాటు లేదు. కాకినాడలో ఆవిడ దగ్గర పాట నేర్చుకునే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఏం అడిగినా "ఏదీ, పాడు" అంటారు. పాడేలోపు జవాబు దొరికినవాళ్లకు దొరుకుతుంది, దొరకనివాళ్లు మజ్జిగ తాగి ఇంటికి వెళ్తారు.

ఆ సాయంత్రం మందాకిని అడిగిన ప్రశ్న మాత్రం సంగీతానికి సంబంధించింది కాదు.

"టీచరు గారూ, మనదైనదానికి ఎంత కాపలా పెడితే అది పోకుండా ఉంటుందండీ?"

మందాకిని టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. తల్లి చిన్నప్పుడే పోతే అక్క పెంచింది. ఆ అక్కే చివరి రోజుల్లో ఆమె ముఖంలోకి చూసి, "నువ్వు ఎవరి పిల్లవమ్మా?" అని అడిగింది. అప్పటినుంచీ కళ్లజోడు ఎక్కడ పెట్టిందో ఒక్క క్షణం గుర్తురాకపోయినా మందాకినికి గుండె దడ. అందుకే నేర్చుకున్న ప్రతి పాటనూ ఇంట్లో కంప్యూటర్‌లో దాచుకుంది. అన్నిటికంటే ముఖ్యంగా, పేర్లన్నీ మరచిపోయాక కూడా అక్క పాడిన జోలపాటను ఆవిడ గొంతులోనే రికార్డు చేసి దాచుకుంది. అది భద్రంగా ఉందన్న ధైర్యంతో తను పాడుకోవడం మానేసింది.

దొంగ ప్రోగ్రాములు చొరబడి దాచుకున్నవన్నీ పాడుచేస్తాయని పేపర్లో చదివి, కాపలాకు ఒక యాంటీవైరస్ పెట్టింది. వీధి తలుపుకు తాళం వేసి మూడుసార్లు లాగి చూసుకునే మనిషికి ఒక్కటి ఏం సరిపోతుంది? దానికి తోడుగా ఇంకొకటి పెట్టింది. "తాళం మీద తాళం వేశాను" అని అందరికీ గర్వంగా చెప్పుకుంది.

కంప్యూటర్ ఆ రోజునుంచే మూలగడం మొదలుపెట్టింది. కాపలా కాసేవాటి దగ్గర దొంగలను గుర్తుపట్టడానికి వాళ్ల ఆనవాళ్లు ఉంటాయట. ఆ ఆనవాళ్లు చూసి మొదటిది రెండోదాన్ని దొంగ అంది, రెండోది మొదటిదాన్ని అంది. ఆ తగవులో ఒకటి అక్క పాటను దొంగసొత్తు అనుకుని పట్టుకుపోయి బంధించింది. మందాకిని విడిపించబోతే రెండోది అడ్డుపడింది.

ఇదంతా చెప్పి, మూడోది కూడా పెట్టమంటారా అని అడిగింది.

"మూడోది దేనికి వదినా, ఆ రెండింటి తగవు తీర్చడానికా?" అంది పక్కన కూర్చున్న సువర్చల. అందరూ నవ్వారు. మందాకిని నవ్వలేదు, కనకాంగి గారూ నవ్వలేదు.

"చెరిపేసిందా, బంధించిందా?" అని అడిగారావిడ.

"బంధించాననే చెప్తోందండీ."

"సరే. ఏదీ, ఆ పాట పాడు."

"అది కంప్యూటర్‌లో ఉందండీ."

"నేను కంప్యూటర్‌ని అడగలేదు."

మందాకిని గొంతు సవరించుకుంది. "వెన్నెల చాప పరిచింది వాకిట" అని ఎత్తుకునేసరికి గొంతు వణికింది. అది విని సువర్చల, పాపం సాయంగా ఉంటుందని, తొడమీద ఆదితాళం వేయడం మొదలుపెట్టింది. అటువైపు కూర్చున్న భ్రమరాంబకూ మందాకిని అంటే ప్రాణమే. ఆవిడ చెవికి ఆ పాట రూపకతాళంలా వినిపించి, ఆవిడ రూపకం అందుకుంది. నీది తప్పంటే నీది తప్పని ఇద్దరూ కళ్లతోనే గదమాయించుకుంటూ దెబ్బలు గట్టిగా వేయసాగారు. మందాకిని ఈ చేతిని చూసింది, ఆ చేతిని చూసింది. రెండో పాదం రాలేదు. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగిపోయింది.

తాళాలు రెండూ ఆగిపోయాయి.

"అక్కకి వచ్చిందే నాకూ మొదలైందండీ" అంది మందాకిని, తలెత్తకుండా.

కనకాంగి గారు మెల్లగా చాప మీదే జరిగి ఆమె పక్కకు వచ్చారు. అరవై దాటిన ఆ శిష్యురాలి వీపు మీద చేయి వేసి, చంటిపిల్లను జోకొట్టినట్టు జోకొట్టడం మొదలుపెట్టారు. ఒకే చేయి, ఒకే తూగు. కాసేపటికి మందాకిని శ్వాస ఆ తూగులో పడింది. "వేగిరం రావే నిదురమ్మా" అని రెండో పాదం వచ్చింది. దాని వెనక చరణం వచ్చింది. ఆ తరవాత ఇంకో చరణమూ వచ్చింది. పాడుతూ పాడుతూనే మందాకిని కళ్లు విప్పార్చుకుంది. ఆ చరణం కంప్యూటర్‌లో లేదు. రికార్డు చేసేనాటికే అక్క దాన్ని మరచిపోయింది.

పాట అయ్యాక సువర్చల తన చేతులు రెండూ కొంగులో దాచుకుని కూర్చుంది.

"మరి ఆ కంప్యూటర్‌లో పాటండీ?" అని మందాకిని చివరికి అడిగింది.

కనకాంగి గారి చేయి ఇంకా ఆమె వీపు మీదే ఉంది.

"అదీ ఎక్కడికీ పోదు. ఇంటికి వెళ్లి ఒక్క తాళమే వెయ్యి, అమ్మడూ."